గళ్ళు పడిన కాగితాలు

కొత్తపేట రేవు, గార మండలం
2016 జనవరి

కామేష్ దాసుగారికి,

దాలయ్య నమస్కరించి రాయడం. మీరు బస్సులో వేయించిన పెట్టెలు రెండూ అందాయి. శ్రీకాకుళం కాంప్లెక్సులో దించుకుని ఆటోలో ఇంటికి తెచ్చాను. తెర పగల్లేదు. మా ఆవిడ తవిటమ్మ కంప్యూటరుకీ ప్రింటరుకీ పసుపు రాసి బొట్టు పెట్టింది. కాగితం లోపలికి పోయే దారిలో కూడా పెట్టబోతే ఆపాను.

కంప్యూటరు వెలిగింది. ప్రింటరు దగ్గర తప్పు చేశాననుకుంటాను. డిస్కు వేయకముందే తీగ గుచ్చాను. తెర మీద ఏదో అడిగింది. అర్థం కాక ‘సరే’ నొక్కాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ ‘సరే’ అన్నాను. ఇప్పుడు ప్రింటరు పక్కనే ఉన్నా కంప్యూటరు దాన్ని ఎరగనట్టే ఉంది. తెలుగులో రాయడం ఎలాగో కూడా రాయండి. పని నాది కాదు, మా మావది. వీలుచూసుకుని చెబుతాను.

దాలయ్య

*

విజయనగరం
2016 జనవరి

దాలయ్యా,

నీ ఉత్తరం పట్టుకుని మా జగదాంబ “నేను చదివి వినిపించనా” అంది. పోయింది గొంతు గానీ కళ్ళు కాదని పలక మీద రాసి చూపించాను. ముప్పై ఏళ్ళు ఊరూరా హరికథ చెప్పినవాడు ఇప్పుడు ఇంట్లో పలక పుచ్చుకుని తిరుగుతుంటే వీధిలో పిల్లలు నన్ను చూసి జాలిపడటం మానేసి పలక అడుగుతున్నారు.

సరే, పనిలోకి వద్దాం. ముందు డిస్కు, తరవాత తీగ. నువ్వు పెళ్ళికూతుర్ని తెచ్చి కూర్చోబెట్టి, పీటలు ఎక్కడా అని వెతుకుతున్నావు. ఆ తీగ పీకెయ్. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రింటర్లన్నీ చూపించే చోటు ఉంటుంది. అక్కడున్న నీ ప్రింటరు బొమ్మను తీసెయ్. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టు. డిస్కు వెయ్. తీగ ఎప్పుడు పెట్టాలో అదే అడుగుతుంది. అడిగేదాకా చెయ్యి కదపకు.

తెలుగుకి వేరే ఏమీ కొనక్కర్లేదు. భాషల పట్టీలో తెలుగు చేర్చు. ఎడంచేతి ఆల్టూ షిఫ్టూ కలిపి నొక్కితే భాష మారుతుంది. రాసే సాఫ్టువేరు అందులో నేనే వేసి పంపాను, డబ్బు కట్టేది కాదు, భయపడకు. కె మీద క ఉంది. జె మీద మాత్రం ర ఉంది. కొన్ని అక్షరాలు సొంతింట్లో ఉన్నాయి, కొన్ని అత్తారింటికి పోయాయి అనుకో. ఒత్తు కావాలంటే మధ్యలో డి నొక్కాలి.

ఇప్పుడు నా ప్రశ్న. చేపల కమీషను కొట్లో రోజువారీ లెక్కలు రాసేవాడివి. బడికి వెళ్ళకుండా నేర్చుకున్న చదువైనా నీ దస్తూరి చూస్తే అచ్చు వేసినట్టుంటుంది. విశాఖ ఆసుపత్రిలో మీ మావదీ నాదీ పక్కపక్క మంచాలు. నేను పలక మీద రాస్తే, మాట్లాడగలిగిన నువ్వు కూడా పలక మీదే జవాబు రాసేవాడివి. అలాంటి నీకు ప్రింటరెందుకయ్యా? మీ మావకి చదువు రాదు కదా?

కామేష్

*

కొత్తపేట రేవు
2016 ఫిబ్రవరి

దాసుగారికి,

ఇది ప్రింటరులోంచి వచ్చిన ఉత్తరం. తీగ అది అడిగినప్పుడే పెట్టాను. మొదటి కాగితం వచ్చినప్పుడు తవిటమ్మ “ఓలమ్మ, ఎచ్చగా ఉన్నాది” అంది.

మీరు అడిగినదానికి జవాబు.

సముద్రంలో చోటు గుర్తుపట్టడానికి మావాళ్ళు గట్టు వైపు చూస్తారు. గోపురం వెనక కొండ తల సరిగ్గా నిలబడితే అది ఒక గీత. ఇంకో పక్క రెండు తాటిచెట్లూ తెల్ల బంగళా కలిస్తే అది రెండో గీత. రెండు గీతలూ కలిసే చోట నీటి కింద బండ ఉంటుంది. బండ ఉంటే చేప ఉంటుంది. దీన్నే గురుతు అంటారు. ఏ ఇంటి గురుతులు ఆ ఇంటివే. తండ్రి కొడుక్కి చెబుతాడు, అదీ సముద్రం మీదే. నేల మీద చెప్పకూడదు. పొరుగు పడవ కనబడితే బండ మీద ఉన్నవాళ్ళు వల లాగేసి, ఊరికే తిరుగుతున్నట్టు నటిస్తారు.

మా మావ అప్పలసూరికి తెలిసినన్ని గురుతులు ఈ రేవులో ఎవరికీ తెలియవు. ఒక్కడే కొడుకు, ఎర్రన్న. పడవలో దారి చూపించే జీపీఎస్ పెట్టె కొన్నాడు. “అయ్యా, ఒక్కసారి నాతో వచ్చి బండలన్నీ సూపించీ. ఈ పెట్టె గుర్తెట్టుకుంటాది” అన్నాడు. మావకి కోపం వచ్చింది. “నాను నీకు సెప్తాను గానీ పెట్టెకి సెప్పను. రేపు దాన్ని ఎవుడో ఎత్తుకుపోతాడు. నువ్వు అమ్ముకున్నా అమ్ముకుంటావు” అన్నాడు. “నాను అమ్ముకునేవోణ్ణా?” అని ఎర్రన్న వెళ్ళిపోయాడు. ఉండేది పక్కింట్లోనే. మాటలు లేవు. తరవాత మావకి కాలూ చెయ్యీ పడిపోయి, ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఇప్పుడు చెయ్యి కొంచెం వచ్చింది, కాలు రాలేదు.

ఆయన పోతే గురుతులు కూడా పోతాయి. ఆయనకి ఆ దిగులే. అల్లుణ్ణి, నేను వేటకి పోను. పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. అయినా వింటాను, రాస్తాను అన్నాను. చేతిరాత ఎర్రన్న చదవలేడు. పెద్ద అచ్చక్షరాలైతే కూడబలుక్కుంటాడు. ప్రింటరు అందుకు.

మావ ఇంకా ఒప్పుకోలేదు. కంప్యూటరు చూసి “ఇదీ పెట్టే గదేటి?” అన్నాడు.

దాలయ్య

*

విజయనగరం
2016 ఫిబ్రవరి

దాలయ్యా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పలక మీద బొమ్మ వేసుకుని చదివాను. గోపురం, కొండ, తాటిచెట్లు, గీతలు కలిసే చోట చేప. ఇంత గొప్ప సంగతి ఒక్క ఇంటి కోసం ప్రింటు చేస్తానంటావేం? పుస్తకం వేద్దాం. ముందుమాట నేను రాస్తాను. ఇక్కడ అచ్చాఫీసు వాళ్ళు తెలుసు.

నా తెలివి చూడు. నేలమీద చెప్పకూడదు అన్నావు. సముద్రంలోకి ఆయన రాలేడు. మరి పడవ మీద కూర్చుని చెప్పవచ్చు కదా? పడవ గట్టుమీద ఉంటే అది నేల కిందికి వస్తుందా, నీటి కిందికి వస్తుందా? కథలో ఇలాంటి ధర్మసందేహం వస్తే సభని అరగంట నిలబెట్టేవాణ్ణి. అడిగి చూడు.

కామేష్

*

కొత్తపేట రేవు
2016 మార్చి

దాసుగారికి,

మీ సందేహం మావకి చెప్పాను. రెండోసారి చెప్పించుకున్నాడు. తరవాత “ఎవుడా మాటన్నోడు?” అన్నాడు. మీ పేరు చెప్పాను. “ఆసుపత్రిలో పలకాయనా? ఆడికి గొంతు పోయినా బుర్ర ఉన్నాది” అన్నాడు.

మర్నాటి నుంచి సాయంత్రాలు మావని ఎత్తుకుపోయి ఇసకలో ఉన్న పాత తెప్ప మీద కూర్చోబెడుతున్నాను. సముద్రం వైపు తిరిగి కూర్చుంటాడు. కళ్ళు దూరం ఆనక వేట మానేసి చాలా ఏళ్ళయింది. అయినా అటే చూస్తూ చెబుతాడు. చెప్పేముందు చేత్తో తెప్ప చెక్క ముట్టుకుంటాడు, కింద ఇసక తగలకుండా కాళ్ళు పైకి పెట్టించుకుంటాడు. ఎర్రన్న వలలు బాగుచేసుకుంటూ దూరం నుంచి చూస్తాడు. దగ్గరికి రాడు. “అయ్యకి సలిగాలి తగలనీయకు బావా” అని మాత్రం నాకు చెబుతాడు. “నీ బావమరిదికి సెప్పు, ఆడి వల ఎడం పక్క సిరిగిపోనాదని” అని, దారిలో ఆరేసిన వల తడిమి చూసి, మావ నాకు చెబుతాడు. మధ్యలో నేను తపాలా.

మావ పెట్టిన షరతు ఒకటే. కాగితం ఎర్రన్న చేతికి తప్ప ఇంకెవరికీ పోకూడదు. కాబట్టి పుస్తకం మాట మానేయండి.

ఒక చిక్కు. తెర మీద అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి. కాగితం మీద మాత్రం ప్రతి గురుతులోనూ మొదటి గీత చక్కగా వస్తోంది, రెండో గీత ఉండాల్సిన చోట అన్నీ ఖాళీ గళ్ళు వస్తున్నాయి. ఎన్నిసార్లు తీసినా అంతే. చాలా కాగితాలు పాడయ్యాయి.

దాలయ్య

*

విజయనగరం
2016 మార్చి

దాలయ్యా,

మొదటి గీతలు ఒక ఫాంటులో కొట్టావు, రెండోవి ఇంకో ఫాంటులో కొట్టి ఉంటావు. అన్ని మొదటి గీతలూ అయ్యాక రెండోవి మొదలుపెట్టావా? లెక్కలు రాసేవాళ్ళు జమ అంతా ఒక పక్క, ఖర్చంతా ఒక పక్క రాసినట్టు? ఆ రెండో ఫాంటు నీ ప్రింటరుకి రాదు. మొత్తం ఎంచుకుని ఒకే ఫాంటు పెట్టు. గౌతమి పెట్టు.

పుస్తకం వద్దన్నావు. సరే. నేను జనం ముందు పాడి బతికినవాణ్ణి. ఎవరూ వినకుండా దాచుకునే విద్య నాకు మింగుడుపడదు. చెప్పకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు కనక అన్నాను. ఇంకేమీ అనను.

కామేష్

*

కొత్తపేట రేవు
2016 మే

దాసుగారికి,

ఏప్రిల్‌లో రాయలేదు. రాయడానికి మొహం చెల్లలేదు.

ఫాంటు మార్చాక కాగితాలు బాగా వచ్చాయి. పాడైన వాటిని మంచం కింద పెట్టాను. తవిటమ్మ ఎండుచేపలు సంతకి తీసుకెళ్తుంది. పొట్లాలకి పాత పేపర్లు అయిపోయాయట. గళ్ళు పడిన కాగితాలు పనికిరానివేనని నేనే అన్నాను. నిజమే, అన్నాను. ఆమెకి చదవడం రాదు. ఎండు నెత్తళ్ళు ఆ కాగితాల్లో కట్టి అమ్మేసింది.

వేట నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డుకి చేరాక, ఉత్తరాన పక్క రేవు నుంచి కొండబాబు అని ఒకడు మోటారుసైకిల్ మీద వచ్చాడు. చేతిలో నూనె మరకల కాగితం. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

“బావా, ఈ కాయితం మీ ఇంటిదేనటగా? మా అమ్మ నెత్తళ్ళు కొన్నాది. సగం సదివి సచ్చిపోతన్నాను. గోపురం మీద కొండ ఎట్టుకుని మూడు రోజులు తిరిగినాను. ఎంత దూరం పోవాలో తెల్లేదు. ఈ గళ్ళలో ఏటున్నాది?”

మావ లోపలే మంచం మీద ఉన్నాడు. అంతా విన్నాడు.

ఆయన అడిగింది ఒక్కటే, కాగితం మా ఇంట్లో నుంచి ఇంకొకరి చేతికి పోకూడదని. దాన్ని నేను సంతలో పొట్లం కట్టించాను.

దాలయ్య

*

విజయనగరం
2016 మే

దాలయ్యా,

ఏం చేశావయ్యా! అది కాదు, మీ మావ ఏమన్నాడు? అక్కడ ఆపేసి ఉత్తరం మడిచేస్తావా? ఏ కథకుడూ ఇంత ఘోరం చెయ్యడు. రెండు రోజులుగా జగదాంబ “ఆ ముసలాయన ఏమన్నాడండీ” అంటోంది. నేను పలక మీద ప్రశ్నార్థకం వేసి చూపిస్తున్నాను.

పుస్తకం గురించి సాధించాను. అది తప్పు. ఆయన మాట ఆయన ఇష్టం. నా గొంతు పోయిన కోపం మీ బండల మీద చూపించానేమో.

వెంటనే రాయి.

కామేష్

*

కొత్తపేట రేవు
2016 జూన్

దాసుగారికి,

మావ “ఆణ్ణి లోపలికి రమ్మను” అన్నాడు. కొండబాబు వచ్చి కింద కూర్చున్నాడు. మావ కాగితం ఇమ్మని ముట్టుకుని చూశాడు, వాసన చూశాడు. తరవాత నవ్వాడు. కాలు పడిపోయాక ఆయన నవ్వడం నేను చూడలేదు.

“ఏరా, మూడు రోజులు తిరిగినావా?”

“తిరిగినాను తాతా. డీజిలంతా తగలెట్టినాను.”

“ఆ గీత మీద నీళ్ళు రంగు మారతాయి గదా, సూసినావా?”

“సూసినాను. నల్లగా అవుతాయి.”

“అక్కడ బండ నేదు. అది బురద. నన్నూ మా అయ్య అక్కడే మోసం సేసినాడు” అని మళ్ళీ నవ్వాడు. రెండో గీత మాత్రం చెప్పలేదు. “గళ్ళలో ఏటుందో గళ్ళనే అడుగు” అన్నాడు.

మర్నాడు కొండబాబు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. నిషేధంలో పనేమీ లేదు కదా. ప్రవాహం ఎటు తిరుగుతుంది, నీటి వాసన ఎప్పుడు మారుతుంది, అన్నీ అడుగుతాడు. మావ గురుతు తప్ప అన్నీ చెబుతాడు. కోపం ఎందుకు రాలేదని నేను అడిగాను. “అడిగినోడి మీద కోపమేటి దాలయ్యా. నాను ఎదురుసూసింది అడిగేవోడి కోసమే గదా” అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

మోటారుసైకిల్ రోజూ మా గుమ్మంలో ఆగడం ఎర్రన్న చూశాడు. మొన్న సాయంత్రం వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. మొహం ఎర్రగా ఉంది.

“బావా, కన్న కొడుక్కి సెప్పనోడు ఊరోడికి సెప్తన్నాడేటి?”

లోపల్నించి మావ “కన్న కొడుకు అడగనేదని సెప్పు” అన్నాడు.

“పెట్టె తెచ్చి అడిగినాను గదా!”

“పెట్టెకి సూపించమన్నావు. నీకు సెప్పమన్నావేటి?”

ఇద్దరికీ మధ్య గోడే. నేను చెప్పాల్సిన అవసరం లేదు. తవిటమ్మ “ఇద్దరూ ఇనబడతన్నారు గదా, మా ఆయన్ని ఒగ్గీండి” అంది.

నేను బాగా వచ్చిన కాగితాలు ఎర్రన్నకి ఇచ్చాను. వాకిట్లోనే కూర్చుని, వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. మొదటి పేజీ అయ్యాక తలెత్తాడు.

“బావా, ఈ తెల్ల బంగళా ఏదీ?”

నాకు తెలియదు.

“అది తుఫానుకి పడిపోయి శానా ఏళ్ళయింది. ఈ తాటిసెట్లూ నేవు. రొయ్యల సెరువులు తవ్వినప్పుడు కొట్టీసినారు. రెండో గీత దేని మీద ఎట్టుకోవాల?”

దాసుగారూ, ఇన్నాళ్ళూ నేను రాసింది ఇప్పుడు లేని గట్టు గురించి. మావ కళ్ళకి దూరం ఆనదని చెప్పాను కదా. ఆయన తెప్ప మీద కూర్చుని చూసినది పాత గట్టునే. ఆ సంగతి ఆయనకీ అప్పుడే తెలిసింది.

ఎర్రన్న లోపలికి వెళ్ళాడు. తలుపు దగ్గరే నిలబడి “అయ్యా, నిషేధం అయిపోగానే పడవ దింపుతాను. ఎత్తుకుపోతాను. వస్తావా?” అన్నాడు.

మావ పడక మీద పక్కకి జరిగి, కొడుకు కూర్చోడానికి చోటు ఇచ్చాడు.

దాలయ్య

*

విజయనగరం
2016 జూన్

దాలయ్యా,

నువ్వు కూడా వెళ్ళు. కడుపులో తిప్పితే తిప్పనీ. నాకు చూసి చెప్పేవాళ్ళు కావాలి.

ఆయన ఎలా చూపిస్తాడు? కళ్ళు ఆనని మనిషి మారిపోయిన గట్టుని ఎలా పోలుస్తాడు? అది నాకు తెలియాలి. పుస్తకం కోసం కాదు.

కామేష్

*

కొత్తపేట రేవు
2016 జులై

దాసుగారికి,

వెళ్ళాను. పడవ అడుగున పడుకున్నాను. చూసింది తక్కువ, విన్నది ఎక్కువ.

ఎర్రన్న, కొండబాబు కలిసి మావని మోసుకెళ్ళి పడవలో కూర్చోబెట్టారు. కొండబాబు తానూ ఎక్కబోతే మావ “నీ ఇంట్లో నీకో తాత నేడేటి?” అన్నాడు. వాడు నవ్వుతూ దిగిపోయాడు. కొంత దూరం పోయాక మావ “పెట్టె తెచ్చినావా?” అన్నాడు.

“ఇంటికాడ వదిలీసినాను.”

“ఎందుకొదిలీసినావు? అదీ తేవాల్సింది. మరిసిపోతే అక్కరకొస్తాది.”

ఎర్రన్న ఇంజను చప్పుడు పెంచాడు.

మీరు అడిగినది ఇది. గోపురం వెనక కొండ నిలబడిందని ఎర్రన్న చెప్పాడు. ఆ గీత పట్టుకుని పోయారు. మావ చెయ్యి నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు. కొడుకుని అడుగుతూ ఉన్నాడు. “దక్షినం పక్క ఏటి కనిపిస్తాంది? ఎత్తుగా ఉన్నవన్నీ సెప్పు.” సెల్ టవరు, నీళ్ళ ట్యాంకు, తుఫాను షెల్టరు, ఎవరిదో రెండంతస్తుల మేడ. ఎర్రన్న ఒక్కొక్కటే చెప్పాడు. మావ వాటిలో తనకి తెలిసినదానికోసం వెతికాడు. “బంగళా పక్కన నుయ్యి ఉండీది.” నుయ్యి ఇక్కడికి కనిపించదన్నాడు ఎర్రన్న. “ఆ నూతికాడ ఇప్పుడేటి ఉన్నాది?” ఎర్రన్న ఆలోచించి, నీళ్ళ ట్యాంకు కట్టింది అక్కడే అన్నాడు. “అయితే ట్యాంకు ఎనకాతల ఏది వస్తే బాగుంటాదో నువ్వు సూడు. నాకు కనిపించదు. నువ్వే సెప్పు.”

చాలాసేపు అలా తిరిగాం. ఎర్రన్న చెప్పడం, మావ కాదనడం, ఇంకొంచెం లోపలికి అనడం. చివరికి రాయి కట్టిన తాడు దింపారు. మావ ఆ తాడు వేళ్ళతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తరవాత తాడు కొడుకు చేతికి ఇచ్చాడు. “సూడు” అన్నాడు. ఎర్రన్న వేళ్ళతో పట్టుకుని “రాయి అయ్యా” అన్నాడు.

నేను లేచి చూడబోయాను. “దాలయ్యా, నువ్వు అటు తిరుగు” అన్నాడు మావ. “నీకు ఇసకలో సెప్పినవి వేరు. ఇది నాను ఇసకలో సెప్పనేదు.” నేను అటు తిరిగాను. తిరగడం కూడా మంచిదైంది, కడుపులో ఉన్నది అటే పోయింది.

ఆ వారం వాళ్ళు ప్రతిరోజూ వెళ్ళారు. నన్ను పిలవలేదు.

నిన్న మధ్యాహ్నం ఎర్రన్న వచ్చాడు. “బావా, ఆ తెలుగు కొట్టడం ఎలగో సూపించు” అన్నాడు. భాష మార్చడం, డి నొక్కడం, ఫాంటు, ప్రింటు, అన్నీ చూపించాను. ఒక్క వేలితో క కొట్టాడు, ర ఎక్కడుందో కనుక్కున్నాడు. కాసేపు చూసి, “ఇంక నువ్వు బయటకెల్లు బావా” అన్నాడు. నా ఇంట్లో, నా కంప్యూటరు దగ్గర నుంచి నన్ను లేపాడు. తలుపు వేసుకున్నాడు.

నేనూ మావా వాకిట్లో కూర్చున్నాం. చాలాసేపటికి లోపల ప్రింటరు మోగింది. మావ “ఆ సప్పుడేటి?” అన్నాడు. చెప్పాను. “ఒకటే తీసినాడా, రెండా?” అన్నాడు. చప్పుడు బట్టి ఒకటే అన్నాను. తల ఊపాడు.

ఎర్రన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తండ్రి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళాడు.

కంప్యూటరు ఆపడం వాడికి నేర్పడం మరిచిపోయాను. తలుపు తీసేసరికి తెర వెలుగుతూ ఉంది. వాడు కొట్టినదంతా దాని మీదే ఉండి ఉంటుంది. దాసుగారూ, నాకు చూడాలని ఉంది. మీకంటే ఎక్కువగా ఉంది. నాలుగు నెలలు వాళ్ళ గురుతులతోనే ఉన్నాను. గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. తరవాత కళ్ళు మూసుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళి స్విచ్ ఆపేశాను.

అలా ఆపితే యంత్రానికి చెరుపు అని మీరు ఒకసారి అన్నారు. చెడిపోయిందో లేదో ఇంకా పెట్టి చూడలేదు.

దాలయ్య